జేబు చాకు: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వాడకం, ఎంపిక

జేబు చాకు అంటే అలుగు పిడిలోకి మడుచుకుపోయే చిన్న కత్తి. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతుంది, తెరిస్తే పండు కోయడానికీ తాడు తెంపడానికీ సరిపోతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు, కుప్పం, పుంగనూరు, మదనపల్లె పరిసరాలతో కూడిన దక్షిణ రాయలసీమలో రైతులు, అంటుకట్టేవాళ్లు, పూలవ్యాపారులు, లారీ డ్రైవర్లు, ప్రయాణికులు దీన్ని వాడతారు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లా చాకుకు పేరుపడ్డ ఊరు ఈ ప్రాంతంలో లేదు. ఇక్కడి కమ్మరి కొలిమి ప్రధానంగా కొడవలి, మచ్చుకత్తి, గొడ్డలి, పార, గడ్డపార వంటి సేద్యపు పనిముట్లకే. మడతచాకులు ఎక్కువగా బయటి ఊళ్ల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చి అంగళ్లలో అమ్ముడవుతాయి. కాబట్టి ఇక్కడ చాకు ఎంపికలో తయారీదారు పేరుకన్నా మూడు విషయాలు ముఖ్యం: చేయాల్సిన పని, తేమా పులుపూ ఉక్కు మీద చూపే ప్రభావం, చాకుతో వెళ్లకూడని చోట్లు. ఈ మూడూ కలిపి చూస్తే 6 నుంచి 8 సెంటీమీటర్ల అలుగు, మామూలు స్ప్రింగు ఉన్న సాదా చాకు చాలామందికి సరిపోతుంది.

పేర్లు

చాకు, మడతచాకు, మడతకత్తి, జేబుకత్తి అన్నవి సాధారణ వాడుకలో ఉన్న పేర్లు. చదువుకున్నవాళ్ల నోట పెన్‌నైఫ్ అన్న మాటా వినిపిస్తుంది. చిన్న కత్తిని సూరికత్తి అనడం తమిళనాడు సరిహద్దుకు అటూ ఇటూ ఉంది. రెండు వైపులకూ పాత సంబంధం ఉంది: చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. వేలూరు, గుడియాత్తం సంతలతో రాకపోకలు నేటికీ సాగుతున్నాయి. మీట నొక్కితే తెరుచుకునేదాన్ని స్ప్రింగు చాకు లేదా బటన్ చాకు అంటారు. అది వేరే రకం. దాని గురించి చట్టం కూడా వేరుగానే మాట్లాడుతుంది.

పూర్వరూపాలు

ఒంటిమీద వెంట ఉంచుకునే చిన్న అలుగు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. తాటాకు మీద రాసే రోజుల్లో గంటానికి తోడుగా చిన్న కత్తి కావాల్సి వచ్చేది. ఆకును కొలత ప్రకారం కోయాలి, అంచులు సరిచేయాలి, తాడు దూర్చే రంధ్రం చుట్టూ శుభ్రం చేయాలి. దక్షిణ భారతంలో వాడిన మడత గంటాల్లో పిడికి ఒక చివర రాసే ములుకు, రెండో చివర చిన్న కత్తి ఉండేవి. రెండూ పిడిలోకి మడుచుకునేవి. ఇత్తడి, కొమ్ము, దంతం పిడులతో చేసిన ఇలాంటి గంటాలు వస్తుప్రదర్శనశాలల్లో కనిపిస్తాయి. ఒకే పిడిలో రెండు పనిముట్లు ఇమిడ్చే ఈ ఆలోచన, ఐరోపా నుంచి బహుళ పనిముట్ల చాకు రాకముందే ఇక్కడ రాయసగాళ్ల చేతుల్లో ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థ తాళపత్రాలకు నిలయం. దీన్ని 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పింది. 1956లో ఇది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడి ఆకుల అంచుల్ని గమనిస్తే అలుగు చేసిన పని తెలుస్తుంది.

రెండో పూర్వరూపం మంగలికత్తి. పల్చని అలుగు రెండు రేకుల మధ్యకు మడుచుకునే ఈ కత్తికి స్ప్రింగు ఉండదు. ఒక్క మేకు బిగువు మీదే నిలబడుతుంది. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు తీసే పనిలోనూ, ఊరి క్షురకుల పొదిలోనూ మంగలికత్తిది ఒకప్పుడు పెద్ద స్థానం. మార్చుకునే బ్లేడు వచ్చాక ఆరోగ్య కారణాలతో పాత కత్తి వెనకబడింది.

మూడోది వక్కాకు తిత్తిలోని అడకత్తెర. వక్క ముక్కలు చేయడానికి అడకత్తెరను మించింది లేదు. పేడు వక్కను జేబు చాకుతో కోయబోతే అలుగు జారి వేలిమీదికి వస్తుంది. తిత్తిలో అడకత్తెర, సున్నపుకాయ ఉన్న చోట చాకుకు మిగిలేవి తమలపాకు తొడిమలు తుంచడం, పొగాకు కాడ కోయడం వంటి చిన్న పనులే.

బ్రిటిష్ పాలనలో ఇంగ్లండులోని షెఫీల్డ్ చాకులు భారతదేశపు అంగళ్లలోకి వచ్చాయి. జోసెఫ్ రాడ్జర్స్ వంటి కంపెనీల ముద్రను జనం నాణ్యతకు గుర్తుగా చూసేవారు. కచేరీ గుమాస్తాలు ఈకకలం మొన చెక్కడానికి, పెన్సిలు చెక్కడానికి, ఉత్తరాలు విప్పడానికి చిన్న చాకు బల్లమీద ఉంచుకునేవారు. ఉక్కు పాళీలు, ఆ తర్వాత బాల్‌పాయింటు కలాలు ఆ అవసరాన్ని తీసేశాయి. సగానికి విరిచిన షేవింగు బ్లేడుతో పెన్సిలు చెక్కడం బడిపిల్లల అలవాటైంది. ఇలా ఆఫీసులో చాకు పని తగ్గినా పొలంలో తగ్గలేదు.

నిర్మాణం, పనిచేసే తీరు

చాకులో అలుగు, పిడి, రెంటినీ కలిపే మేకు ముఖ్యమైన భాగాలు. అలుగుకు కోసే అంచు వాదర, ఎదురు వైపు వెన్ను, కొస మొన. తెరవడానికి వీలుగా అలుగు పైభాగంలో గోరు దూరే గాడి ఉంటుంది. అలుగును నిలిపే పద్ధతిని బట్టి సంప్రదాయ చాకులు నాలుగు రకాలు.

మొదటిది, మేకు బిగువు ఒక్కటే ఆధారంగా ఉండేది. స్ప్రింగు, తాళం ఉండవు. సంతల్లో తక్కువ ధరకు దొరికే చాకుల్లో ఈ రకం కనిపిస్తుంది. మేకు వదులైతే అలుగు ఊగుతుంది. చిన్న సుత్తితో మేకు తల మీద కొట్టి బిగించుకోవచ్చు.

రెండోది, వెన్ను స్ప్రింగు ఉన్న చాకు. ప్రపంచమంతటా సంప్రదాయ జేబు చాకు అంటే ముందుగా దీన్నే గుర్తుచేసుకుంటారు. పిడి వీపు పొడవునా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. అలుగు మొదట్లో రెండు చదును ముఖాలు చెక్కి ఉంటాయి. చాకు పూర్తిగా తెరుచుకున్నప్పుడు పట్టీ కొస ఒక ముఖం మీద చదునుగా కూర్చుంటుంది. మూసినప్పుడు రెండో ముఖం మీద కూర్చుంటుంది. మధ్యలో అలుగు మొదలు గుండ్రని భాగం పట్టీని పైకి నెడుతుంది. తెరుస్తున్నప్పుడు మొదట బిగువు, తర్వాత టక్కున కూర్చోవడం దీనివల్లే. కొన్ని చాకుల్లో సగం తెరిచిన చోట మూడో ముఖం కూడా ఉంటుంది. మూసేటప్పుడు అలుగు అక్కడ ఆగుతుంది కనుక వేళ్లు తప్పించుకోవడానికి సమయం దొరుకుతుంది. స్ప్రింగు అలుగును ఆపి ఉంచుతుందే తప్ప తాళం వేయదు. వెన్ను మీద గట్టిగా ఒత్తితే చాకు మూసుకుంటుంది. అందుకే దీంతో వాదర దిశగా ఒత్తి కోయాలి. పొడవడం, తిప్పి పెకలించడం, మూత లేపడం వంటి పనులకు ఇది పనికిరాదు.

మూడోది, కట్టు తిప్పి బిగించేది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేయడం మొదలుపెట్టిన ఒపినెల్ చాకు దీనికి మంచి ఉదాహరణ. 1955లో దీనికి తిరిగే లోహపు కట్టు చేర్చారు. తెరిచాక కట్టు తిప్పితే అలుగు వెనక్కి మడుచుకోదు. 8వ నంబరు ఒపినెల్ అలుగు 8.5 సెంటీమీటర్లు.

నాలుగోది, మీట తాళం ఉన్నది. రాంపూర్ చాకు ఈ కోవలోది. పొడవాటి అలుగు, తెరిచేటప్పుడు కటకటమనే శబ్దం, సినిమా ప్రతినాయకుడి చేతిలో మెరుపు, అన్నీ కలిసి దానికి దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చిపెట్టాయి. పొడవాటి చాకుల తయారీ మీద ఆంక్షలు వచ్చాక రాంపూర్‌లో ఆ పని బాగా తగ్గింది. నేరంతో ముడిపడ్డ ఈ పేరు మామూలు జేబు చాకుకూ అంటుకుంది. పండు కోసుకునే చాకును చూసి కూడా పక్కవాళ్లు కంగారుపడటానికి ఇదొక కారణం.

ఉక్కు

చాకు అలుగులో స్థూలంగా రెండు రకాల ఉక్కు వాడతారు. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, సానరాయి మీద తేలిగ్గా అరుగుతుంది, సన్నని వాదర నిలుపుకుంటుంది. దాని బలహీనత తుప్పు. స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియం ఎక్కువ. తడికీ పులుపుకీ ఓర్చుకుంటుంది కానీ చవక రకాల్లో వాదర తొందరగా మొద్దుబారుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన విక్టోరినాక్స్ చాకుల అలుగు కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. మామూలు సానరాయితో ఇంట్లోనే పదును పెట్టుకోవడానికీ, అంచు పెచ్చులూడకుండా ఉండటానికీ ఇది మధ్యేమార్గం.

చిత్తూరు పంటల్లో పులుపు పాలు ఎక్కువ. తోతాపురి మామిడి, టమోటా, చింత, నిమ్మ, అన్నీ కార్బన్ ఉక్కును కరిచేవే. పచ్చి మామిడికాయను ఇనుప కత్తితో కోస్తే కోసిన చోట నల్లబడుతుంది. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లని పదార్థం ఏర్పడటమే కారణం. కొన్నాళ్లు వాడితే అలుగు అంతటా నీలిబూడిద రంగు పొర పడుతుంది. ఇది తుప్పు కాదు. పొర సమంగా ఉంటే ఎర్రతుప్పును కొంతవరకు ఆపుతుంది. పండ్లు, కూరగాయలు కోయడమే ప్రధానమైన పనైతే స్టెయిన్‌లెస్ ఎంచుకోవడం మేలు. తాడు, గోనె, కొయ్య, అంటుకొమ్మ కోసే పనికి కార్బన్ ఉక్కు హాయి.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. మదనపల్లె, పుంగనూరు పీఠభూమి ఎత్తున ఉండి గాలి పొడిగా ఉంటుంది. సూళ్లూరుపేట, పులికాట్ వైపు ఉప్పుగాలి ఉంటుంది. తిరుపతిలో వేసవి చెమట, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవన వర్షాలు. జేబులో చెమటకు తడిసిన కార్బన్ చాకు ఒక్క రాత్రిలో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

ఊరి కమ్మరి లారీల పాత కమాను పట్టీలతో కొడవళ్లు, మచ్చుకత్తులు చేస్తాడు. ఆ ఉక్కు సాధారణంగా సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగు రకం. గట్టిగా ఉంటూనే దెబ్బకు విరగదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి, డాకలి మీద సాగగొట్టి, వాదర భాగాన్ని నీళ్లలోనో నూనెలోనో ముంచి పదును ఎక్కిస్తాడు. చెప్పి చేయించుకుంటే అదే ఉక్కుతో అరచేతి పొడవు పిడికత్తి తయారవుతుంది. మడత చాకు మాత్రం మరింత సున్నితమైన పని. స్ప్రింగు ముఖాలు వెంట్రుక వాసి తేడా లేకుండా ఆకురాయితో అమర్చాలి. సేద్యపు పనిముట్ల గిరాకీ మీద బతికే కొలిమికి అంత తీరిక గిట్టదు.

పిడి

పిడికి కొయ్య, కొమ్ము, ఇత్తడి, ప్లాస్టిక్ వాడతారు. స్థానికంగా పనిముట్ల పిడులకు తుమ్మచేవ, చింతచేవ మంచివని పేరు. చేవ భాగం గట్టిగా ఉండి చెమటకు చీలదు. ఎనుము కొమ్ముతో చేసిన పిడి అందంగా ఉంటుంది కానీ ఎండకు పెళుసై పొరలు లేస్తుంది. అప్పుడప్పుడు నూనె రాయాలి.

ఈ ప్రాంతంలో పిడి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది ఎర్రచందనం. శేషాచలం కొండలు, వాటిని ఆనుకున్న తూర్పు కనుమల దక్షిణ భాగమే దీని సహజ నివాసం. 1995 నుంచి ఇది వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2021లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. నరకడం, రవాణా, అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉంది. ఎర్రచందనం పిడి అంటూ పత్రాలు లేకుండా అమ్మేది నిజంగా ఎర్రచందనమే అయితే కొన్నవాడూ చిక్కుల్లో పడతాడు. జింక కొమ్ము, దంతం పిడులదీ ఇదే సంగతి. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. పాతకాలపు ఇంటి వస్తువు అని చెప్పినంత మాత్రాన కొనడం సురక్షితం కాదు.

ఈ ప్రాంతపు పనులు

చాకును ఎక్కువ నైపుణ్యంతో వాడేది మామిడి అంటుకట్టేవాళ్లు. ఉమ్మడి చిత్తూరు జిల్లా తోతాపురికీ మామిడి గుజ్జు పరిశ్రమకూ పేరున్న చోటు. తోటలు వేసేందుకు కావలసిన అంటుమొక్కలు నర్సరీల్లో తయారవుతాయి. టెంక అంటులో మొలకెత్తి రెండు వారాలైనా నిండని, కాండం ఇంకా ఎర్రఛాయలో ఉన్న టెంకమొక్కను తీసుకుంటారు. కాండాన్ని టెంకకు కొన్ని సెంటీమీటర్ల పైన అడ్డంగా కోసి, మధ్యలో నిలువుగా చీలుస్తారు. కావలసిన రకం చెట్టు నుంచి తెచ్చిన కొమ్మ అడుగును రెండు వైపులా చెక్కి చీలలా చేసి ఆ చీలికలో దించుతారు. చుట్టూ పాలిథీన్ పట్టీ బిగిస్తారు. చెక్కిన ముఖం అద్దంలా చదునుగా ఉంటేనే రెండు కణజాలాలూ ఆనుకుంటాయి. మధ్యలో ఖాళీ మిగిలితే అంటు ఎండిపోతుంది.

అందుకే అంటుకత్తి వాదర ఒక వైపే వాలుగా, రెండో వైపు చదునుగా ఉంటుంది. రెండు వైపులా వాలు ఉన్న మామూలు చాకు కొయ్యలోకి దిగేటప్పుడు పక్కకు తిరుగుతుంది, కోత పల్లంగా వస్తుంది. అంటుకత్తితో కూరగాయలు కోయరు, వైరు తెంపరు. ఒక మొక్క రోగం మరో మొక్కకు అంటకుండా మధ్యమధ్యలో వాదరను స్పిరిటుతో తుడుస్తారు. కుడిచేతివాటం, ఎడమచేతివాటం బట్టి చదును వైపు మారుతుంది కాబట్టి కొనేటప్పుడు చూసుకోవాలి.

మిగతా పొలం పనుల్లో చాకు చేసేది చిన్న పనులే కానీ రోజూ ఉంటాయి. డ్రిప్పు గొట్టం కోయడం, విత్తన పొట్లం విప్పడం, ఎరువు సంచి కుట్టుదారం తెంపడం, టమోటా మొక్కలను కట్టెలకు కట్టే పురికొస కత్తిరించడం, పశువు మెడకు బిగిసిన పలుపు కోయడం వంటివి. మెడకు బిగిసిన తాడు కోయడానికి మొన ఉన్న చాకు ప్రమాదం. మొన మొండిగా, వాదర నిటారుగా ఉన్న అలుగును తాడు కిందికి దూర్చి బయటి వైపుకు లాగితే జంతువుకు గాయం కాదు. మల్బరీ రెమ్మలకు, చెరకుకు, జొన్నదంటుకు కొడవలే కావాలి. మేకల కాపరికి కొమ్మలు దించే దోటి కావాలి. ఆవకాయ ముక్కలకు టెంకతో సహా దించే పెద్ద మామిడికాయల కత్తి కావాలి. ఈ పనులన్నీ ఒక్క జేబు చాకుతో జరుగుతాయని పెద్ద చాకు కొనుక్కునేవాళ్లు చివరికి ఏ పనికీ సరిగా వాడుకోలేరు.

పట్నంలో వాడకం వేరు. పార్సిలు డబ్బా టేపు కోయడం, రైల్లో జామకాయో మామిడిపండో కోసుకోవడం, పూలదండ నార తెంపడం, గోడకు కట్టిన వైరు తొక్క తీయడం లాంటివి. వీటికి 5, 6 సెంటీమీటర్ల అలుగు సరిపోతుంది. వైరు తొక్క తీసే ముందు కరెంటు ఆపాలి. కొయ్య పిడి ఉంది కదా అని ధీమా పడకూడదు, మేకులూ స్ప్రింగూ లోహమే.

ప్రపంచంలోని కొన్ని సంప్రదాయ చాకులు

ఇతర దేశాల సంప్రదాయ చాకుల్లో కొన్ని కూడా సేద్యపు జీవితం నుంచే వచ్చాయి. ఫ్రాన్స్‌లోని లగియోల్ చాకు 19వ శతాబ్దపు తొలి భాగంలో పశువులు మేపే ప్రాంతంలో రూపుదిద్దుకుంది. జపాన్‌లోని మికి పట్టణపు హిగోనోకామి 1890లలో పుట్టింది. రేకు పిడి, ఒక్క మేకు, వెనక బయటికి పొడుచుకొచ్చిన చిన్న తోక, అంతే దాని నిర్మాణం. తోకను బొటనవేలితో నొక్కి పట్టి అలుగును నిలుపుతారు. విక్టోరినాక్స్‌ను కార్ల్ ఎల్సెనర్ 1884లో స్థాపించాడు. 1891లో సైన్యానికి చాకులు ఇవ్వడం మొదలైంది. 1897లో స్క్రూ, కార్కు తీసే పనిముట్లతో అధికారుల చాకు వచ్చింది. నేడు భారతీయ నగరాల అంగళ్లలో, ఆన్‌లైన్‌లో తరచూ కనిపించే విదేశీ జేబు చాకు ఇదే. దీని పేరుతో నకిలీలూ వస్తాయి. అలుగు మొదట్లో ముద్ర స్పష్టంగా ఉందా, అన్ని పనిముట్లూ ఒకే బిగువుతో తెరుచుకుంటున్నాయా అన్నది చూడాలి.

కొనేటప్పుడు చేసే పరీక్షలు

పాత్రల అంగళ్లు, హార్డ్‌వేర్ దుకాణాలు, వారపు సంతలు, వ్యవసాయ పనిముట్ల కొట్లు చాకులు దొరికే చోట్లు. చేతిలోకి తీసుకుని చూసి కొనడం మేలు.

తెరిచిన చాకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే స్ప్రింగుకూ అలుగు మొదలుకూ మధ్య సందు కనిపించకూడదు. అలుగును పక్కలకు కదిపితే ఊగకూడదు. మూసినప్పుడు అలుగు పిడి మధ్యలో కూర్చోవాలి. ఒక వైపు రేకుకు రాసుకుంటే వాదర పోతుంది. మూసేటప్పుడు అలుగును వదిలేసి టక్కుమనిపిస్తే కొన్ని చాకుల్లో వాదర స్ప్రింగుకు తగిలి దెబ్బతింటుంది. మెల్లగా మూసి, వాదర ఎక్కడైనా తగులుతోందేమో చూడాలి. గోటిగాడి లోతు తక్కువగా ఉండి గోరు విరిగేంత బిగువుగా ఉంటే అది పెద్దవాళ్ల చేతికి పనికిరాదు. పిడి మేకులు వేలికి గుచ్చుకోకుండా నున్నగా ఉండాలి. గట్టిగా పట్టుకున్నప్పుడు చిటికెన వేలు కూడా పిడి మీదే ఆనాలి.

చివరగా కాగితం అంచు కోసి చూడాలి. పరపరమని చిరగకుండా కోసుకుంటూ పోతే పదును సరిగా ఉన్నట్టు. కొత్త చాకు మొద్దుగా ఉండటం లోపమే అయినా సాన పడితే పోయేది. సందు, ఊపు మాత్రం సానతో పోవు.

చట్టం, తనిఖీలు

1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నిబంధనలు చెప్పే కొలత ఇది: అలుగు పొడవు 9 అంగుళాలు, లేదా వెడల్పు 2 అంగుళాలు దాటిన కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి, సేద్య, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం చేసినవి ఇందులో లేవు. జేబు చాకు ఈ కొలతకు చాలా లోపలే ఉంటుంది. అయితే 4వ సెక్షన్ కింద ఒక ప్రాంతానికి ప్రత్యేక ప్రకటన ఇస్తే అక్కడి నియమం మారుతుంది. ఢిల్లీలో 1980 నాటి ప్రకటన ప్రకారం స్ప్రింగుతోనో బటన్‌తోనో మరో యంత్ర సాధనంతోనో తెరుచుకునే చాకు అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు చేరితే నిషేధం. తిరుపతి నుంచి ఢిల్లీ రైలెక్కేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఎన్నికలు, ఉద్రిక్తతల సమయంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు ఉన్నప్పుడు కూడా చాకు వెంట ఉంచుకోకపోవడమే క్షేమం. చాకుతో ఎవరినైనా గాయపరిస్తే అలుగు కొలతతో నిమిత్తం లేకుండా భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ వర్తిస్తుంది.

తిరుమల విషయంలో సందేహానికి తావు లేదు. కొండపైకి ఆయుధాలు, మద్యం, పొగాకు, మాంసాహారం తీసుకెళ్లడం నిషిద్ధం. అలిపిరి దగ్గర వాహనాలను, సామానును తనిఖీ చేస్తారు. నడకదారి భక్తుల సామాను కూడా తనిఖీ యంత్రం దాటాకే పైకి చేరుతుంది. పండ్లు కోయడానికని చెప్పినా చాకును పైకి వదలరని అనుకుని బయలుదేరడం మంచిది. బస చేసిన గదిలోనో ఇంట్లోనో దాన్ని పెట్టి రావాలి. చిరుతల భయం చాకు తీసుకెళ్లడానికి కారణం కాదు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడుల తర్వాత దేవస్థానం భక్తులకు ఇచ్చింది చేతికర్రలే. గుంపులుగా నడవమనీ, పిల్లలను దగ్గర ఉంచుకోమనీ సూచించింది.

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయంలో చాకు చేతిసంచిలో ఉంటే భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. విమానంలో వెళ్లేవారు దాన్ని చెక్ఇన్ సామానులో వేయాలి. కోర్టులు, జైళ్లు, పరీక్షా కేంద్రాలు, బహిరంగ సభల దగ్గర కూడా చాకు ఉండకూడదు.

పదును, సంరక్షణ

సైకిలు వెనక చక్రానికి సానరాయి తగిలించుకుని కత్తులకు సాన పడతామంటూ వీధుల్లో తిరిగేవాళ్లు ఇంటి కత్తులకు, కత్తెరలకు మేలు చేస్తారు. జేబు చాకును మాత్రం వాళ్ల చేతిలో పెట్టేముందు ఆలోచించాలి. వేగంగా తిరిగే రాయి మీద నిప్పురవ్వలు లేచేలా పట్టితే సన్నని అలుగు వేడెక్కి, నీలిరంగుకు తిరిగి, ఉక్కు మెత్తబడుతుంది. ఆ తర్వాత ఎంత సాన పట్టినా పదును నిలవదు.

చాకుకు చేతిసానే సరైనది. గరుకు వైపు, నున్నటి వైపు ఉన్న రాయిని నీళ్లతోనో నూనెతోనో తడిపి, అలుగును 15 నుంచి 20 డిగ్రీల వాలులో ఆనించి మొదలు నుంచి మొన దాకా ఒకే తీరున లాగాలి. ఒక వైపు లాగుతుంటే రెండో వైపు వేలికి సన్నని గరుకు అంచు తగులుతుంది. ఆ గరుకు వాదర పొడవునా వచ్చాక వైపు మార్చాలి. రెండు వైపులా అయ్యాక నున్నటి రాయి మీద, తర్వాత తోలు పట్టీ మీద తేలిగ్గా తుడిస్తే గరుకు పోతుంది. రాయి దొరకని చోట పింగాణీ కప్పు అడుగున పూత లేని వలయం తాత్కాలికంగా పనికొస్తుంది.

పులుపు కోశాక కడిగి, తుడిచి, మేకు దగ్గర తడి ఆరనివ్వాలి. మేకులోకి కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. ఆహారం కోసే అలుగుకు కొబ్బరినూనె పల్చగా రాయవచ్చు. వేరుశనగ నూనె గాలికి జిగటగా మారి మేకు దగ్గర దుమ్ము పట్టిస్తుంది. పనసకాయ కోసే ముందు అలుగుకు నూనె రాస్తే బంక అంటదు. తుప్పు చుక్క పడితే నూనె వేసి మెత్తటి ఉక్కు పీచుతో రుద్దాలి. జేబులో తాళాలతో కలిపి వేస్తే పిడి మీద గీతలు పడతాయి, గోటిగాడి తాళాలకు తగిలి చాకు కొంచెం తెరుచుకునే ప్రమాదమూ ఉంది. చిన్న తోలు సంచి వేసుకుంటే చెమట నుంచి కూడా కాపాడుతుంది. అయితే తడి తోలులో నెలల తరబడి ఉంచితే అదే తుప్పుకు కారణమవుతుంది.

ఎవరికి ఏది

సేద్యగాళ్లకు వెన్ను స్ప్రింగుతో, 7 నుంచి 8 సెంటీమీటర్ల కార్బన్ ఉక్కు అలుగు, తుమ్మ లేదా చింతచేవ పిడి ఉన్న చాకు తగినది. టమోటా, మామిడి పని ఎక్కువగా ఉంటే అదే కొలతలో స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. అంటుకట్టేవారికి ఒకవైపు వాలు ఉన్న అంటుకత్తి వేరుగా ఉండాలి, దాన్ని ఇతర పనులకు వాడకూడదు. పశుపోషకులకు మొండి మొన, నిటారు వాదర ఉన్నది మేలు. ఆఫీసు ఉద్యోగికి, ప్రయాణికుడికి 6 సెంటీమీటర్ల లోపు స్టెయిన్‌లెస్ చాకు చాలు. కత్తెర, స్క్రూ తిప్పే మొన కూడా ఉంటే అలుగుకన్నా అవే ఎక్కువ వాడకంలోకి వస్తాయి. కీళ్లనొప్పులున్న పెద్దవారికి బిగువు స్ప్రింగు కన్నా కట్టు తిప్పే రకం తెరవడానికి సులువు. పిల్లల చేతికి ఇవ్వాల్సి వస్తే ముందు మొద్దు మొన ఉన్న చిన్నది ఇచ్చి, వాదరను ఒంటికి ఎదురుగా కాకుండా బయటి వైపుకు నెట్టి కోయడం, మూసేటప్పుడు వేళ్లు గాడిలో పెట్టకుండా చూసుకోవడం నేర్పాలి.

రెండు చాకుల మధ్య తేల్చుకోలేనప్పుడు చిన్నదాన్ని తీసుకోవడమే ఈ ప్రాంతంలో తెలివైన పని. పెద్ద పనికి ఇంట్లో కొడవలి, మచ్చుకత్తి, కత్తిపీట ఎలాగూ ఉంటాయి. చిన్న చాకు జేబులో బరువనిపించదు. ఊరి బయట తనిఖీలు ఉన్న చోటికి వెళ్లేరోజున ఇంట్లో వదిలి వెళ్లడమూ సులువే.